మిషిగన్‌లో యూనియన్ చందా కట్టాల్సిందేనా?

ట్రాయ్ కోడలు:
మా ఆయన ఈమధ్యే డెట్రాయిట్ దగ్గర కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరారు. యూనియన్ వాళ్లు ఫారాలు ఇచ్చి, నెలనెలా జీతంలోంచి చందా పట్టుకుంటాం అన్నారట. మా వదినేమో ఇది 'రైట్ టు వర్క్' రాష్ట్రం, ఒక్క డాలరు కూడా ఇవ్వక్కర్లేదంటుంది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుందా? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

పాతకాపు:
మీ వదినగారిది పాత లెక్కండి. యూనియన్‌కి డబ్బు కట్టలేదని ఉద్యోగం తీయకూడదనే ఆ 'రైట్ టు వర్క్' చట్టం 2012 డిసెంబర్‌లో స్నైడర్ గవర్నరుగా ఉండగా వచ్చింది, 2023 మార్చిలో గవర్నర్ విట్మర్ సంతకంతో రద్దయింది, రద్దు 2024 ఫిబ్రవరి 13 నుంచి అమల్లో ఉంది. అసలు ఆ పేరే తిరకాసు, ఆ చట్టమేమీ ఎవరికీ పని ఇప్పించదు! సరిహద్దు దాటి ఇండియానా వెళ్తే మాత్రం ఆవిడ మాటే నిజం. 1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ అనే కేంద్ర చట్టం ఈ విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది, అందుకే ఒక్కోచోట ఒక్కో రూలు.

లాన్సింగ్ మావయ్య:
రద్దయింది కాబట్టి అందరూ కట్టాల్సిందే అనుకోకండమ్మా. కంపెనీ, యూనియన్ కలిసి రాసుకున్న ఒప్పందంలో ఆ షరతు ఉంటేనే కట్టాలి. చట్టం ఇప్పుడు అలా రాసుకోనిస్తుంది, అంతే. ముందు ఆ ఒప్పందం కాపీ అడగమనండి. షరతు ఉన్నా సరే, సభ్యత్వం వద్దు, బేరసారాలకూ ఫిర్యాదులకూ అయ్యే ఖర్చులో నా వాటా మాత్రమే ఇస్తానని రాసివ్వొచ్చు, 1988లో సుప్రీంకోర్టు బెక్ కేసులో చెప్పింది అదే. కాకపోతే అప్పుడు యూనియన్ ఎన్నికల్లో ఓటు ఉండదు.

బడిపంతులు:
నాది ప్రభుత్వ స్కూలు, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన జానస్ తీర్పు తర్వాత మా దగ్గర ఎవరినీ బలవంతపెట్టడానికి లేదు. అయినా నేను కడుతున్నాను. కట్టనివాడి తరఫున కూడా యూనియన్ న్యాయంగా మాట్లాడాల్సిందే, చట్టమే అలా ఉంది. చదివింపులు లేకుండా పెళ్లికొచ్చి మూడుసార్లు వడ్డించుకున్నట్టు ఉంటుంది నాకైతే.

పాతకాపు:
పంతులుగారూ, నచ్చని పార్టీకి ప్రచారం చేసే యూనియన్‌కి డబ్బెందుకివ్వాలి అనేవాళ్లూ ఉంటారు కదండీ. అదీ తప్పేం కాదు.

ట్రాయ్ కోడలు:
ఒప్పందం పుస్తకం తెచ్చారు. షరతు ఉంది, చేరాక 30 రోజుల గడువట. ఇవాళ్టికి 22. ఆయన సభ్యత్వమే తీసుకుంటానంటున్నారు, ఓటైనా ఉంటుందని. వదినకి ఎవరు చెప్తారో మరి!