చెట్లు కొట్టే పని, కట్టెల యాపారం మొదలుపెడతాండాం, తెలిసినోళ్లు రొంత చెప్పండి

గుత్తి_కుర్రోడు

అన్నలూ, మాది గుత్తి పక్క పల్లె. నాయనది పాత ట్రాక్టర్ ఉంది, ట్రాలీ ఉంది, వాన లేక సేద్యం అంతంతమాత్రం. అందుకని నేనూ మా చిన్నాయన కొడుకూ కలిసి చెట్లు కొట్టే పని పట్టుకుందాం అనుకుంటాండాం. ఇండ్ల మీదికి వాలిన కొమ్మలు తీసేది, ఎండిన చెట్లు పడేసేది, చేన్లలో సర్కారు తుమ్మ కంప క్లీన్ చేసేది, వచ్చిన కట్టె హోటళ్లకి, బట్టీలకి అమ్మేది. పెట్రోల్ కటింగ్ మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసి పెట్టినాం, ఇంకా డబ్బులు కట్టలేదు.

అడగాల్సింది ఏందంటే, రేటు ఎట్లా మాట్లాడాలి, కట్టె పచ్చిది పచ్చిగానే తోలేస్తే మేలా ఎండబెట్టి అమ్మితే మేలా, ఫారెస్టోళ్లతో తలనొప్పి లేకుండా ఏం చేయాలి. యూట్యూబ్‌లో చూస్తే అంతా ఫారిన్ వాళ్లు, వాళ్లకి నిటారుగా ఉండే పైన్ చెట్లు, మనకేమో మెలికలు తిరిగిన చింతలు, ముండ్ల తుమ్మలు. ఈడ పని చేసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

సీమ_రంపం

తమ్ముడూ, కర్నూలు చుట్టుపక్కల చానా ఏండ్లుగా ఇదే పని నాది. మొదట ఒక మాట బుర్రలో పెట్టుకో, నువ్వు అమ్మేది కట్టె కాదు పని. ఇంటి మీద కొమ్మ తీసినందుకు కూలి వేరే మాట్లాడుకో, కట్టె నీకు వస్తే అది పైన లాభం. చానామంది "కట్టె మొత్తం నువ్వే తీసుకుపో, నాకేం ఇయ్యొద్దు, నేనూ ఏం ఇయ్యను" అంటారు, చెట్టు కింద నిలబడి చూస్తే పెద్ద చెట్టే, చానా కట్టె వస్తాది అనిపిస్తాది, తీరా రేకుల షెడ్డు మీద పడకుండా ఒక్కో కొమ్మకి మోకు కట్టి దించేసరికి ఇద్దరు మనుషులకి పొద్దు గూకుతాది, ఆకూ పుల్లా ఎత్తిపోయడం ఇంకో ట్రిప్పు, ఇంగ మిగిలేది యాడిది. చేన్లో సర్కారు తుమ్మ అయితే సరే, "క్లీన్ చేసి ఇస్తాం, కట్టె మాది" అనే బేరం గిట్టుబాటే, ఎందుకంటే ఆ కట్టె బరువు, నిప్పు చానాసేపు నిలబడతాది, బొగ్గుకీ బాగుంటాది. కానీ ముందే తేల్చుకో, వేర్లు పెకలించేది ఎవరు అని. తుమ్మ మొదలు పైకి కోసి వదిలితే వానలకి మళ్లీ గుబురుగా లేస్తాది, రైతు వచ్చి నీ మీద అరుస్తాడు. జేసీబీ ఖర్చు ఆయనది అని మొదటి రోజే చెప్పు.

కోత సంగతి. చెట్టు పడాల్సిన దిక్కున మొదలులో నాలుగో వంతు లోతుకి గాటు తియ్యి, ఆ తర్వాత వెనక నుంచి రొంత ఎత్తులో కోత పెట్టు, రెండు కోతలూ కలిసిపోనీకు, మధ్యలో మొదలు మందంలో పదో వంతు కట్టె వదిలేయాల, అదే తలుపు బందు మాదిరి చెట్టుని పట్టుకుని నువ్వనుకున్న దిక్కుకే వాలుస్తాది. అది తెగ్గోసినావంటే చెట్టు ఎటు పోతాదో దేవునికే తెలియాల. వెనక్కి ఏటవాలుగా పారిపోయే దారి ముందే చదును చేసి పెట్టుకో, కంప అడ్డం ఉంటే కాలు చిక్కుకుంటాది. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో మనిషి గానీ గొడ్డు గానీ ఉండకూడదు.

పెద్ద కొమ్మకి మూడు కోతలు. బోదెకి అడుగు దూరంలో కింద నుంచి మూడో వంతు, దానికి రొంత అవతల పై నుంచి, కొమ్మ తెగి పడినాక మిగిలిన మొండెం మూడో కోతతో తీసేది. పై నుంచి ఒకే కోత పెడితే కొమ్మ బరువుకి బోదె బెరడు కిందిదాకా చీలుకుపోతాది, అది మళ్లీ మానదు. మొండెం తీసేటప్పుడు బోదె దగ్గర ఉబ్బు ఉంటాది సూడు, దాన్ని కొయ్యొద్దు, దాని బయట కొయ్యి. ఆ ఉబ్బే గాయం మూసేది.

ఇంగ ఆషాఢం గాలికి చెట్టెక్కే పని పెట్టుకోవాకు. మన పక్క ఆ నెలలో గాలి ఎట్లా ఉంటాదో నీకు చెప్పేదేముంది.

ఉగ్గాని_స్టాల్

నేను కొనేవాణ్ని. అనంతపురంలో టిఫిన్ హోటల్, కట్టెల పొయ్యే. కొనేవాళ్ల బాధ కూడా వినండప్పా.

పచ్చి కట్టె తెచ్చి కాటాకి పెడతారు, వేబ్రిడ్జి చీటీ చూపిస్తారు, మేము తరుగు తీస్తే మొహం మాడ్చుకుంటారు. లెక్క చూడు తమ్ముడూ, అప్పుడే కొట్టిన కట్టెలో వంద కిలోలకి 45 కిలోలు నీళ్లే అనుకో, అంటే టన్నులో అసలు కట్టె 550 కిలోలు. అది 20 శాతం తడికి ఎండేసరికి టన్ను కాస్తా 690 కిలోలకి దిగుతాది. అంటే ఎండు కట్టెకి పచ్చి రేటు మీద దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తేనే నీకు సమానం, అంతకన్నా తక్కువకి అమ్మితే నువ్వు ఎండబెట్టి నష్టపోయినట్టే. కాబట్టి ఎవరికి ఏది అని చూసుకో. ఇటుక బట్టీలోళ్లు పచ్చీ ఎండూ కలిపి తీసుకుంటారు, బరువు మీదే బేరం, వాళ్లకి అట్లే తోలేయి. మాలాంటోళ్లం, పెండ్లి వంట మాస్టర్లు, బొరుగుల బట్టీలోళ్లు ఎండుది తప్ప ముట్టుకోం. పొద్దున్నే అయిదుకి పొయ్యి రాజెయ్యాల, ఆ టైంలో కట్టె కొస నుంచి నురగ కారుతా బుస్సుమంటా పొగ చిమ్మితే దోసె మీద మంటేం తగులుతాది.

నేను కట్టె ఎండిందా లేదా ఎట్లా చూస్తానంటే, రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొడతా. ఠంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. కొసల్లో బీటలు రావాల, బెరడు గోరుతో లాగితే ఊడిరావాల. అది చూసినాక ఇంగ నువ్వు ఎన్ని చెప్పినా వినం.

ఎండబెట్టడం కూడా మొద్దులు మొద్దులుగా పడేస్తే కాదు, కోసిన ఎమ్మట్నే చీల్చాల. బెరడు చుట్టూ ఉంటే నీళ్లు బయటికి పోవు. మన ఎండలకి చీల్చిన తుమ్మ వేసవి నెలల్లోనే ఎండిపోతాది, మొద్దుగా పెడితే ఏడాదైనా లోపల పచ్చే. చింత మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోండి, ఎండినాక ఇనప చీల పెట్టి సమ్మెటతో బాదినా కదలదు. పొడుగు రెండు అడుగులు దాటనీకండి, మా పొయ్యిలో పట్టదు.

కుప్ప నేల మీద పెడితే చెదలు. మీ దగ్గర్లో పాలిష్ ఫ్యాక్టరీలు ఉంటే నాపరాయి ముక్కలు ఊరికే పారేస్తా ఉంటారు, అవి పరిచి వాటి మీద పేర్చండి. పట్ట పైన మాత్రమే కప్పాల, పక్కలు మూయద్దు, గాలాడాల. ఇంకోటి, కుప్పలోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, తేళ్లూ పాములూ మీ కన్నా ముందే వచ్చి ఉంటాయి.

కడప_లైన్‌మ్యాన్

పైన అన్న చెప్పినదంతా బాగుంది గానీ కరెంటు మాట ఎవరూ ఎత్తలేదేమప్పా. ఇండ్ల మీది కొమ్మలు అంటే సగం కొమ్మలు తీగల మీద ఉండేవే.

కొమ్మ తీగని తాకాల్సిన పనే లేదు, 11 కేవీ లైన్ దగ్గరికి పచ్చి కొమ్మో తడిసిన మోకో పోయినా చాలు, షాక్ కొడతాది. ఎండు కర్రతో పక్కకి నెడతాంలే అనుకోవాకు. లైన్ పక్కన చెట్టు ఉంటే మీ సెక్షన్ ఆఫీసుకి పోయి అర్జీ పెట్టండి, లేదంటే 1912కి ఫోన్ చెయ్యండి. మా మనిషి సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (ఆ లైన్‌లో కరెంటు ఆపినట్టు పర్మిషన్) తీసుకుని, లైన్‌కి ఎర్త్ కట్టి, "ఇంగ ఎక్కండి" అని నోటితో చెప్పినాకే ఎక్కాల. "కరెంటు పోయింది, బల్బు ఎలగడం లేదు, పోయిందే అదును" అని ఎక్కేటోళ్లు ఉండారు, అది ఎప్పుడు వస్తాదో ఎవరికి తెలుసు, పక్కింట్లో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే లైన్ ఆఫ్ అయినా తీగలోకి కరెంటు ఎనక్కి వస్తాది.

ఇంటాయన "ఎల్‌సీ అంతా ఎందుకు, జాగ్రత్తగా కొట్టేయండి" అంటే ఆ పని వదిలేసి రా తమ్ముడూ. ఇంకో చెట్టు దొరుకుతాది.

ఇద్దరూ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించుకోండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకి రెండు లక్షలు. రాస్తా ఉంటే నాకే బాగలేదు గానీ ఈ పనిలో ఉండాల్సిందే.

గుత్తి_కుర్రోడు

అన్నలూ చానా థాంక్స్. టన్ను లెక్క మేము అసలు అనుకోలేదు, పచ్చిది అమ్మేసి పోదాం అనుకున్నాం. బట్టీకి పచ్చిది, హోటళ్లకి ఎండుది అని విడగొడతాం.

ఇంకో మాట. ఊర్లో ఒకాయన ఇంటి ముందర పెద్ద వేప, కొమ్మలన్నీ కొసల నుంచి గోధుమ రంగుకి మాడిపోయినాయి, సచ్చిపోయింది కొట్టేయండి అంటాండాడు. మొదటి పని ఇదే పడేట్టుంది, కట్టె కూడా బాగానే వస్తాది. పట్టుకోమంటారా?

చీనీతోట_రైతు

పట్టుకోవాకు నాయనా, అప్పుడే కాదు. 2021లో వానలు పడినాక మన సీమలో, తెలంగాణలో యాడ చూసినా వేపలు ఇట్లే మాడిపోయినాయి, గుర్తుందా? అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు, దానికి తోడు రసం పీల్చే దోమ. కొసల నుంచి ఎండుకుంటా వస్తాది, చూసేవాళ్లకి చెట్టు పోయినట్టే ఉంటాది. అప్పుడు చానామంది కొట్టించేసినారు, కొట్టకుండా వదిలినోళ్లవి చానా చెట్లు ఎండాకాలానికి మళ్లీ చిగురేసినాయి.

బోదె మీద బెరడు గోరుతో గీకి చూడు, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికే ఉన్నట్టు. ఆయనకి చూపించు. ఎండిన కొసలు మాత్రం తీసి కాల్చేసి, ఉగాది దాకా ఆగమను. కట్టె కోసం ఆశపడి వేపని కొడితే ఊర్లో ఆ పేరు పోదు, మంచిగా చెప్పి ఆపినావంటే ఆ వీధి పనులన్నీ నీకే వస్తాయి.

ఇంగ మామిడి, చీనీ తోటల్లో కొమ్మలు తీసే పని కూడా అడుగు, పులివెందుల పక్క మాకు మనుషులు దొరకడం లేదు. కోసిన చోట బోర్డో పేస్టు పుయ్యాల, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ వేరే వేరే కలుపుకుని తర్వాత ఒకటి చెయ్యి, ఇనప బకెట్‌లో కలపొద్దు, ప్లాస్టిక్‌లోనే. ముసలి చీనీ తోటలు పీకేసేటప్పుడు కట్టె మంచిగా వస్తాది, సన్నగా ఉన్నా బాగా మండుతాది.

సీమ_రంపం

వేప సంగతి పెద్దాయన కరెక్టుగా చెప్పినాడు. పేస్టు దగ్గర మాత్రం నాదొక మాట పెద్దాయనా, తోటలకి సరే, మీకు బంక కారే తెగుళ్లు ఉంటాయి. ఇంటి ముందర చింతకీ వేపకీ అది అక్కర్లేదు, కోత సరిగ్గా ఉబ్బు బయట పడితే చెట్టే మూసుకుంటాది. తారు పూసేవాళ్లని చూసినా, దాని వల్ల లోపల తడి నిలిచి పుచ్చిపోవడం తప్ప ఏం లేదు.

చీనీతోట_రైతు

తారు ఎవరు పుయ్యమన్నారప్పా. నేను మైలుతుత్తం గురించి చెప్తాండా. పూసినందుకు నష్టం అయితే లేదు కదా.

సీమ_రంపం

నష్టం లేదు, ఖర్చు ఉంది అంటాండా అంతే 😄

తమ్ముడూ, పర్మిషన్ అడిగినావు, చెప్పడం మర్చినాం. మన రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, సొంత పట్టా భూమిలో చెట్టయినా కొట్టాలంటే పర్మిషన్ కావాల, బదులు మొక్కలు నాటాల. అర్జీ పెట్టాల్సింది చెట్టు ఓనరు, నువ్వు కాదు, కాగితం చూసినాకే మిషన్ స్టార్ట్ చెయ్యి. కాగితం ఫోటో ట్రాక్టర్‌లో పెట్టుకో, దారిలో ఎవరన్నా ఆపితే "ఏ సర్వే నంబరు, ఎవరి చేను" అని అడుగుతారు. తుమ్మ, సుబాబుల్, జామాయిల్ లోడుకి ఏం కావాలో మీ రేంజ్ ఆఫీసుకి ఒకసారి పోయి ముఖాముఖి అడిగి పెట్టుకో, మనిషి పరిచయం అయితే రోడ్డు మీద సగం గొడవ తగ్గుతాది. రోడ్డు పక్క చెట్లు, చెరువు కట్ట చెట్లు ఎవరు చెప్పినా ముట్టుకోవాకు, సర్పంచి నోటి మాట చెల్లదు. కడప పక్క పనికి పోతే ఇంకా జాగ్రత్త, లోడులో ఒక్క ఎర్రచందనం ముక్క కనిపించినా ట్రాక్టర్ పోతాది, జైలూ ఉంటాది. ఎవరన్నా "మా చేన్లోదే, ఊరికే ఏసుకుపో" అంటే ఏసుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ మిషన్‌కి డబ్బులు కట్టే ముందు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించు, వాళ్లు వేడి చేసి పెట్టి చూపిస్తారు. చైన్ బ్రేక్ ముందుకి నెడితే చైన్ టక్కున ఆగాల, ఆగకపోతే బేరమే వద్దు. ఆయిల్ సొంతంగా చైన్‌కి చేరుతాందో లేదో తెలియాలంటే బార్ (చైన్ తిరిగే పొడుగు ఇనప పట్టీ) కొస తెల్ల అట్టముక్క ముందర పెట్టి రేజ్ చెయ్యి, సన్నగా ఆయిల్ గీత పడాల. పెట్రోల్‌లో 2టీ ఆయిల్ 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీ, డబ్బా మీద ఏం రాసుంటే అదే కలుపు, అందాజాగా పొయ్యొద్దు. బార్ కొస పైభాగం కట్టెకి తగలనీకు, మిషన్ ఎనక్కి ఎగిరి మొహానికి వస్తాది. హెల్మెట్, కండ్లద్దాలు, బూట్లు లేకుండా పట్టుకోవాకు, తుమ్మ ముల్లు కంట్లో పడితే ఆస్పత్రి ఖర్చుకే నెల సంపాదన పోతాది. చెట్టు మీద మిషన్ వాడేది ఇప్పుడే వద్దు, మొదటి ఏడాది పైన చేతి రంపమే, కింద మిషన్.

గుత్తి_కుర్రోడు

వేపాయనతో మాట్లాడినా అన్నా. బెరడు గీకితే పచ్చగానే ఉంది, ఉగాది దాకా చూద్దాం అన్నాడు. ఎండు కొసలు తీసేదానికి కూలి ఒప్పుకున్నాడు. పక్కింటాయనది రేకుల మీద కానుగ కొమ్మ కూడా చూడమన్నాడు, దాని పక్కనే సర్వీస్ వైరు పోతాంది, రేపు పొద్దున సెక్షన్ ఆఫీసుకి పోతాం. మిషన్ అట్టముక్క టెస్ట్‌లో ఆయిల్ పడలేదు, దాన్ని వదిలేసినాం. కర్నూల్లో మంచి మెకానిక్ ఎవరన్నా ఉంటే మెసేజ్ పెట్టు అన్నా.