వాడని కెర్నల్ కోడ్‌ల పాత బగ్: సరిచేయాల్నా, కోడే తీసేయాల్నా?

మూసీకాలువ:
లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ)ల ఎన్_హెచ్‌డీఎల్‌సీ మాడ్యూల్ (కెర్నల్‌కు తగిలించే కోడ్ ముక్క) సంగతే తీసుకోండ్రి. సీరియల్ లైన్ల మీద హెచ్‌డీఎల్‌సీ అనే పద్ధతిల డేటా ముక్కలు (ఫ్రేములు) పంపే పాత సరుకు. 2009ల బఫర్ ఫ్లష్ (ఆగి ఉన్న డేటాను ఖాళీ చేసే) కోడ్ కలిపిన్రు, దాంతోని బగ్ వచ్చింది, 2017 దాకా ఎవలూ పట్టలే. గిసుంటి కోడ్‌కు ప్యాచ్‌లు రాసుడు దండుగ. తీసి పారేయాలె. డీసీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ను కెర్నల్ 6.16ల తీసేసిన్రు గదా?

పాలమూరు_పెంటియం:
తీసేస్తే రాబోయే కెర్నల్‌ల పోతది, సరే. ఇప్పుడు నడుస్తున్న పాత ఎల్‌టీఎస్ (ఏండ్ల తరబడి ఫిక్సులు అందే) కెర్నళ్ల మాటేంది? స్టేబుల్ శాఖలకు (విడుదలైన కెర్నళ్లకు) మామూలుగ ఫిక్సులే పోతయి, తొలగింపులు పోవు. నువ్వు చెప్పిన డీసీసీపీలనే చూడు: 2005 నుంచి దాంట్ల ఉన్న డబుల్ ఫ్రీ (ఒకే మెమరీని రెండుసార్లు వదిలే తప్పు)ని 2017ల సరిచేసిన్రు. కోడ్ తీసేసింది 2025ల.

ఇంగ "వాడని కోడ్" అనకు. మామూలు యూజర్ ఒక పీటీవై (ఉత్తుత్తి టెర్మినల్) తెరిచి, టీఐఓసీఎస్ఈటీడీకి (లైన్ డిసిప్లిన్‌ను, అంటే ఆ లైన్ మీద డేటాను నడిపే కోడ్‌ను, మార్చే కాల్) ఈ మాడ్యూల్‌దైన 13 నంబర్ ఇస్తే కెర్నలే ఆ మాడ్యూల్‌ను లోడ్ చేసుకుంటది. హార్డ్‌వేర్‌తోని పనే లేదు.

మూసీకాలువ:
అయితే లోడ్ కాకుండ ఆపితే సరిపాయె.

మిర్యాలగూడ_అడ్మిన్:
ఆపొచ్చు అన్నా, కానీ మెలిక ఉంది. మోడ్‌ప్రోబ్ (మాడ్యూళ్లు లోడ్ చేసే టూల్) సెట్టింగుల డైరెక్టరీల 'ఇన్‌స్టాల్' లైన్ రాసి ఎప్పుడూ ఫెయిలయ్యే ఫాల్స్ కమాండ్‌కు మళ్లిస్తే కొత్తగ లోడ్ కాదు. అప్పటికే లోడ్ అయి ఉంటే మాత్రం దాన్ని తీసేసే ఆర్‌ఎంమాడ్ కమాండ్ కొట్టాలె, లేకుంటె రీబూట్. కెర్నల్‌లనే కలిపి బిల్డ్ చేసి ఉంటే ఆ లైన్ ఏం పనిచెయ్యది.

కెర్నల్ 5.1 నుంచి ఎల్‌డిస్క్_ఆటోలోడ్ అనే సిస్‌కంట్రోల్ (నడుస్తున్న కెర్నల్‌ల మార్చే సెట్టింగు) వచ్చింది. దాన్ని 0 పెడితే మాడ్యూల్ లోడ్ చేసే హక్కు లేని యూజర్లకు ఏ లైన్ డిసిప్లిన్ మాడ్యూలూ లోడ్ కాదు. రైసు మిల్లుల వేబ్రిడ్జి కంప్యూటర్లు ఆగిపోతయని కొందరు భయపడుతున్రు. సీరియల్ పోర్టు మామూలుగ ఎన్_టీటీవై అనే డిఫాల్ట్ లైన్ డిసిప్లిన్ మీద నడుస్తది, అది కెర్నల్‌లనే ఉంటది, ఏం కాదు. మోడెం కనెక్షన్లు నడిపే పీపీపీడీ కూడా రూట్ మీద నడిస్తే ఇబ్బంది లేదు.

పాలమూరు_పెంటియం:
అది తాత్కాలికం. ఎన్_హెచ్‌డీఎల్‌సీల అసలు తప్పు చూడు. ఫ్రేము పంపుతుంటే ఎర్రర్ వస్తే ఆ బఫర్‌ను టీబఫ్ అనే పాయింటర్ల దాచిపెట్టేటోళ్లు. లిస్టులకు వేరే వేరే స్పిన్‌లాకులు (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే పోనిచ్చే తాళాలు) ఉన్నయి, టీబఫ్‌కు ఏ లాకూ లేదు. గదే టైంల ఇంకో థ్రెడ్ ఫ్లష్ కొడితే ఒకే బఫర్ ఫ్రీ లిస్టుల రెండుసార్లు పడుతది, క్లోజ్ చేసేటప్పుడు రెండుసార్లు ఫ్రీ అయితది. 2017 ఫిక్స్‌ల టీబఫ్‌నే ఎత్తేసిన్రు. ఎర్రర్ వస్తే బఫర్ పంపే లిస్టు ముందుకు తిరిగి పోతది. తోకకు పెడితే ఫ్రేముల వరుస తప్పుతది.

ఇసుంటి రేస్ (రెండు థ్రెడ్లు ఒకటే సారి ఎగబడుడు)ను పరీక్షించాల్నంటే కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టే టూల్) పెట్టి బిల్డ్ చేసి, క్యూఈఎంయూ (వర్చువల్ మెషిన్)ల కనీసం 2 సీపీయూలు ఇయ్యాలె. ఒక్క సీపీయూతోని పట్టుడు చానా కష్టం, "బగ్ లేదు" అని మోసపోతరు.

మూసీకాలువ:
సరే, ఇసుంటి పాత బగ్‌కు ముందు ఫిక్స్, తప్పు తెచ్చిన కమిట్ (కోడ్ మార్పు)ను చూపే ఫిక్సెస్ ట్యాగ్‌తోని. దాని ఎనుకనే కోడ్ తీసేసే ప్యాచ్ కూడా పంపాల్నన్నది నా పట్టు. చూసుకునేటోడు లేని కోడ్‌ను ఎనిమిదేండ్లకోసారి తుడుసుకుంట కూసోలేం.

మిర్యాలగూడ_అడ్మిన్:
రెండో ప్యాచ్‌కు ముందు మెయిలింగ్ లిస్టుల అడుగు. వాడేటోడు ఒక్కడు చెయ్యెత్తినా ఆగాలె.