బోరు నీరు వాడే ఇంట్లో బాత్రూం కుళాయిలకు ఏ ఫినిష్ మేలు?

ప్రశ్న (ఘట్‌కేసర్ నుంచి):
నమస్కారమండీ. మేము కట్టుకుంటున్న ఇంట్లో ప్లంబింగ్ పని చివరి దశకు వచ్చింది. మా వీధికి ఇంకా మంచినీటి పైపులైను రాలేదు కనుక బోరు నీరే ఆధారం. ప్రయోగశాలలో పరీక్ష చేయించగా మొత్తం కాఠిన్యం లీటరుకు 480 మిల్లీగ్రాములని తేలింది. ఈ నీటిలో సబ్బు నురగ రాదు, పప్పు సరిగా ఉడకదు. ఇప్పుడున్న అద్దె ఇంట్లో క్రోమ్ కుళాయిలన్నీ తెల్లగా గార పట్టి ఉన్నాయి. మా అమ్మాయి నలుపు మ్యాట్ రంగు కుళాయిలు కావాలంటోంది. గార తక్కువగా పట్టే ఫినిష్ ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం (శానిటరీ సామగ్రి వ్యాపారి, ఖమ్మం):
గార పట్టని ఫినిష్ అంటూ ఏదీ లేదండీ. కుళాయి మీద నిలిచిన నీటి చుక్క ఆరిపోయినప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడే మిగిలిపోతాయి. క్రోమ్ మీదైనా, నలుపు మీదైనా జరిగేది ఇదే. కాబట్టి మీరు చూసుకోవలసినవి రెండు: మరక ఏ ఫినిష్ మీద ఎక్కువగా కనబడుతుంది, దాన్ని తీసేటప్పుడు ఏ ఫినిష్ చెడిపోకుండా నిలుస్తుంది.

మంచి క్రోమ్ కుళాయికి లోపల ఇత్తడి, దాని మీద నికెల్ పూత, అన్నిటికన్నా పైన మైక్రాన్‌లో కొద్ది భాగమంత పలుచటి క్రోమియం పొర ఉంటాయి. పొర పలుచనే అయినా గట్టిది, నునుపైనది, కనుక గార సులువుగా వదులుతుంది. నలుపు కుళాయిల్లో చాలా రకాలున్నాయి. చవకవాటికి రంగు గానీ పౌడర్ కోటింగ్ గానీ వేస్తారు, అవి రుద్దుడుకు తట్టుకోవు. శూన్యపు గదిలో లోహపు ఆవిరిని పట్టించే పీవీడీ పద్ధతిలో చేసిన పూత మాత్రం చాలా గట్టిది, ధర కూడా ఎక్కువే. అయితే నలుపు మీద తెల్ల మరక దూరం నుంచే కనబడుతుంది, దాన్ని ఏ పూతా దాచలేదు. మరకలు కంటికి ఆనకూడదనుకుంటే సన్నని గీతలుండే బ్రష్డ్ ఫినిష్‌లో పీవీడీ గానీ, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ తీసుకోండి. ఏది కొన్నా చేత్తో ఎత్తి చూడండి. ఇత్తడిది బరువుగా ఉంటుంది.

సమాధానం (గృహిణి, ఒంగోలు):
రెండేళ్ళ క్రితం నేను నలుపు మ్యాట్ కుళాయిలే పెట్టించుకున్నాను. గార పోవడానికి మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడమని పని చేసినతను చెబితే అలాగే చేశాను. మూడు నెలల్లో పూత పొరలుగా లేచిపోయింది. ఆ యాసిడ్ క్రోమ్‌నూ తినేస్తుందని, అడుగున ఉన్న నికెల్ బయటపడి పసుపు ఛాయ వస్తుందని తరువాత తెలిసింది. ఇప్పుడు గోరువెచ్చని గ్లాసెడు నీటిలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, అందులో తడిపిన నూలు గుడ్డను మా ఇంట్లోని క్రోమ్ కుళాయిలకు పది నిమిషాలు చుట్టి ఉంచి, ఆ తరువాత మంచినీటితో కడిగి తుడుస్తున్నాను. స్టీలు పీచు అసలు తాకనివ్వను. ఆ నిమ్మ ఉప్పు నీరు చలువరాయి మీద పడితే రాయి మెరుపు పోతుంది, జాగ్రత్త. అన్నిటికన్నా ముఖ్యం, స్నానం అయ్యాక చివర వెళ్ళేవారు పొడి గుడ్డతో ఒకసారి తుడవడం. మా ఇంట్లో దాన్ని పిల్లలకు కూడా అలవాటు చేశాను.

సమాధానం (నీటి శుద్ధి పనిలో ఉన్నవారు, హైదరాబాద్):
తాగునీటికి ఐఎస్ 10500:2012 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మీది ఆ రెంటి నడుమ ఉంది. కుళాయిల మీద పెట్టే ఖర్చులో కొంత, నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్‌కు కేటాయించమని నా మనవి. అందులోని రెజిన్ అనే సన్నని పూసల్లాంటి పదార్థం కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతుంది. అప్పుడు కూడా మరకలు పడతాయి గానీ, అవి నీటిలో కరిగే లవణాలు కనుక తడి గుడ్డతో పోతాయి. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరులో అంకె తగ్గలేదని కంగారు పడకండి, ఆ మీటరు కాఠిన్యాన్ని విడిగా చూపదు. వేడి చేసినప్పుడు గార ఎక్కువగా ఏర్పడుతుంది కాబట్టి గీజర్‌కు కలిగే మేలు కుళాయిలకన్నా పెద్దది. కుళాయి మూతి దగ్గరి జల్లెడ విప్పడానికి వీలుగా ఉందో లేదో, షవర్ రంధ్రాలకు వేలితో రుద్దితే గార రాలిపోయే రబ్బరు మొనలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కుళాయిలు, షవర్లు ఇత్తడి మీద క్రోమ్‌వే తీసుకుంటాము. సాఫ్ట్‌నర్‌కు మేడ మీద చోటు వదిలాము. నీరు తగలని తువ్వాలు కడ్డీలు, అద్దం చట్రం నలుపు రంగులో పెట్టిస్తామంటే అమ్మాయి సంతోషంగా ఒప్పుకుంది. బిగించే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

సమాధానం (శానిటరీ సామగ్రి వ్యాపారి, ఖమ్మం):
కుళాయిలు బిగించకముందే పైపుల్లోకి నీరు వదిలి ఇసుక, సిమెంటు రజను పూర్తిగా పోయేదాకా పారనివ్వండి. ఆ రజను కుళాయి లోపల నీటిని ఆపే సిరామిక్ బిళ్ళల మధ్య చిక్కుకుంటే కొత్త కుళాయి కూడా కారడం మొదలుపెడుతుంది.