సమస్య: తోటమాలి చూచి తోక ముడిచె

ఇచ్చిన పాదానికి మిగతా పాదాలు కట్టి పద్యం పూర్తిచేయడమే పూరణ. ఈ పక్షం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం:

తోటమాలి చూచి తోక ముడిచె

పెరటి తోటలోనో మిద్దె తోటలోనో జరిగిన నవ్వు పుట్టించే సంఘటన విషయంగా ఉండాలి. కొత్తగా చేరినవారి కోసం ఛందస్సు మళ్లీ చెబుతున్నాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (నగణం లేదా హగణం), వాటి తరువాత రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే అక్షరాల పోలిక, కుదరాలి. ప్రాస నియమం లేదు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మారకూడదు.

చిక్కు రెండుచోట్ల ఉంది. మనిషికి తోక లేదు కనుక ‘తోక ముడిచె’ను జాతీయంగా వాడుకోవాలి, లేదా నిజంగానే ఒక తోక తగిలించాలి. రెండోది, ‘చూచి’ క్త్వార్థకం, అంటే ‘చేసి, ఆ తరువాత’ అన్న అర్థమిచ్చే అసమాపక క్రియ. చూసినవాడూ తోక ముడిచినవాడూ ఒక్కడే కావాలి. అతను ఏమి చూశాడన్నది మొదటి మూడు పాదాల్లో కనబడాలి. నా దృష్టిలో పూరణ నిలిచేది, పడిపోయేది అక్కడే. వచ్చినవాటిలో చర్చకు పనికొచ్చేవి ఇవి.

గుంటూరు సభ్యురాలి పూరణ

సందె చీకటి తరి సాగి వేలాడెడి
పొట్లకాయ పాము పోల్కిఁ దోఁచ
నీళ్ల చెంబు జారె, నిలువున వణకుచు
తోటమాలి చూచి తోక ముడిచె

అక్కయ్యగారూ, సందె చీకటిని ఎంచుకోవడం ఎంతో బాగుంది. పొట్లపూలు విచ్చుకునేది ఆ వేళకే. తెల్లటి దారపు పోగుల్లాంటి అంచులతో పూసిన పూలు చూడడానికి పందిరి కిందికి వెళ్లినవాడి నెత్తికి జానెడు ఎత్తులో చారల పొట్లకాయ తగిలితే గుండె ఆగినంత పని అవుతుంది. వంకర తిరక్కుండా కింద రాయి కట్టకపోతే కాయ మెలిక తిరిగి అచ్చం పాములాగే ఉంటుంది. చూసింది ఏమిటో స్పష్టం, భయపడిన కారణం స్పష్టం.

లోపం మూడో పాదం చివర ఉంది. ‘వణకుచు’ ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట. దాని తరువాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) కావాలి, అంటే ‘వణకుచుఁ దోటమాలి’ అనాలి. అలా అంటే సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. ‘నిలువెల్ల వణకెడి’ అనండి. సలం, నలం అనే ఇంద్రగణాలు కుదురుతాయి, యతి చెడదు, ‘తో’ తన చోట తాను ఉంటుంది.

విజయనగరం నుంచి ఒక సభ్యుడు అడిగారు: ‘ఇప్పటి భాషలో వ్రాసే పద్యానికి ఇంత పట్టింపు అవసరమా?’ అవసరమే. ‘చూచి’, ‘ముడిచె’ అన్న కావ్యభాషా రూపాలు సమస్యలోనే ఉన్నాయి. మూడు పాదాలు ఒక భాషలో, నాలుగోది మరో భాషలో ఉంటే అతుకు చెవికి తెలిసిపోతుంది.

వనపర్తి సభ్యుడి పూరణ

బీరపాదు మీద బెదురు లేకయె దూకి
పిందెలన్ని తెంచి విసరు కోతి
కొంకి కర్ర పట్టి గుమ్మాన నిలుచున్న
తోటమాలి చూచి తోక ముడిచె

కర్ర పట్టుకున్న తోటమాలిని చూసి కోతి తోక ముడిచిందని వీరి ఉద్దేశం. కోతికి తోక ఉంది కాబట్టి చిక్కు విడిపోయిందనుకున్నారు. కానీ ఆ అర్థం రావాలంటే ‘తోటమాలిఁ జూచి’ అని ద్వితీయ (‘తోటమాలిని’ అన్న కర్మ రూపం) కావాలి. మహద్వాచకానికి (పురుషుణ్ని చెప్పే మాటకు) విభక్తి వదిలేయడం కుదరదు. సమస్యలో ఉన్నది ప్రథమ (కర్త రూపం). కనుక చూసినవాడు తోటమాలే. పాపం, రెండో పాదం చివరి కోతికి క్రియ లేకుండా పోయింది.

ఆయన జవాబు: ‘మాస్టారూ, అయితే పద్యం మొత్తం వదులుకోవలసిందేనా?’

వదలవద్దు. అరసున్న ఒక్కటి పెట్టి, దాని తరువాతి అక్షరాన్ని సరళం చేయండి.

పిందెలన్ని తెంచి విసరు కోతిఁ
గొంకి కర్ర పట్టి గుమ్మాన నిలుచున్న
తోటమాలి చూచి తోక ముడిచె

‘గొం’కూ ‘గు’కూ యతి అలాగే ఉంది. ఇప్పుడు కోతి కర్మ అయింది. పిందెలు విసిరే కోతిని, కొంకి కర్ర చేతిలో ఉన్న తోటమాలి చూసి తానే పరారయ్యాడు! కర్ర ఉన్నా పారిపోయాడన్నది మీ మొదటి ఊహకన్నా ఎక్కువ నవ్విస్తుంది, కోతుల బెడద ఎరిగిన ఊళ్లలో నిజం కూడా ఇదే. కర్రకు జంకే కోతులు ఇప్పుడు ఎక్కడున్నాయి? తినేది ఒక పిందె, కొరికి పారేసేది పాదంతా. మీ మూడు పాదాల్లో నాకు బాగా నచ్చిన మాట ‘విసరు’. దాన్ని పొరపాటున కూడా మార్చకండి.

రాజమహేంద్రవరం నుంచి కొత్త సభ్యురాలి పూరణ

గొంగళిపురుగులు గుంపులై మ్రానుపై
మూగినట్టి వేళ మునగఁ గోయ
దురద మేన నిండ దోటి నేలకు వైచి
తోటమాలి చూచి తోక ముడిచె

మొదటి పాదంలో గణభంగం ఉందమ్మా. గొంగ, ళిపురు అని రెండు సూర్యగణాలు సరిపోయాయి. మూడోదానికి ‘గులు’ అని రెండు లఘువులే మిగిలాయి. ‘గొంగళిపురుగులవె’ అనండి. నగణం (మూడు లఘువులు) పూర్తవుతుంది, ‘అవిగో’ అని వేలు పెట్టి చూపినట్టూ ఉంటుంది.

‘దురద పుట్టాక చూడడమేమిటి, ముందే చూడాలి కదా’ అని ఒకరు ఆక్షేపించారు. నేను ఒప్పుకోను. దోటితో మునక్కాయ కోసేవాడి చూపు కొమ్మ చివర ఉంటుంది. మునగ గొంగళిపురుగులు పగటిపూట మానును అంటిపెట్టుకుని బెరడు రంగులో కలిసిపోయి ఉంటాయి. భుజం ఆనించినవాడికి మొదట తెలిసేది దురద. ఆ తరువాతే తల తిప్పి చూస్తాడు. ఈ వరుస అనుభవం ఉన్నవారికే తడుతుంది. మొదటి పద్యమే ఇలా వ్రాసినందుకు అభినందనలు.

న్యూజెర్సీ సభ్యుడి పూరణ

నల్లపిల్లి యనుచు నదలింపఁ బోవఁగా
స్కంకు తోక నెత్తి కంపుఁ జిమ్మ
ముక్కు మూసి, కుండి ముంగిట విడనాడి
తోటమాలి చూచి తోక ముడిచె

స్కంకును చూడనివారి కోసం: పిల్లి అంత జంతువు, నల్లని ఒళ్లు, వీపున తెల్లని చారలు. రాత్రిళ్లు మట్టి తవ్వి పురుగులు తింటుంది, కాబట్టి అమెరికాలో పెరటి మళ్లకు దీని రాకపోకలు మామూలే. ఎవరైనా దగ్గరికొస్తే ముందుకాళ్లు నేలకు తాటించి, తోక నిటారుగా లేపి హెచ్చరిస్తుంది. వినకపోతే తోక కింది గ్రంథుల నుంచి దుర్గంధపు ద్రవం చిమ్ముతుంది. ఆ వాసన రోజుల తరబడి వదలదు.

అది తోక ఎత్తితే ఇతడు తోక ముడిచాడు! సమస్యలోని తోకకు జవాబుగా మరో తోకను నిలబెట్టిన ఊహకు మెచ్చుకోలు. ‘స్క’లోని కకారంతో ‘కంపు’కు యతి కూడా చక్కగా పడింది. కానీ ముక్కు మూసుకుని పారిపోయేవాడికి ఇక చూడడానికి ఏముంది? ‘చూచి’ ఊరికే మిగిలిపోయింది. అది పిల్లి కాదని తెలిసిన క్షణం పద్యంలో కావాలి. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

వెన్ను మీద నున్న వెండి చారలు రెండు
తోటమాలి చూచి తోక ముడిచె

జడానికి (ప్రాణం లేనిదానికి) ద్వితీయ బదులు ప్రథమ వాడవచ్చు గనుక ‘చారలు రెండు’ నిరాక్షేపణీయం. ముక్కు మూసుకోవడం చెప్పనక్కర్లేదు, కంపు చిమ్మిందన్నారుగా.

సిద్దిపేట సభ్యురాలి పూరణ

కొండముచ్చు రీతిఁ గోక చుట్టిన తోకఁ
దాల్చి మిద్దె యెక్క, దాపునందు
నిజపు కొండముచ్చు నిక్కి చూడ, మరలి
తోటమాలి చూచి తోక ముడిచె

ఈ పక్షం ఉత్తమ పూరణ ఇదే. రెండుసార్లు చదివి, దిద్దడానికి ఏమీ కనబడక మూడోసారి కేవలం ఆనందం కోసం చదివాను.

కోతులు కొండముచ్చుకు జంకుతాయి. తెలంగాణ పల్లెల్లో కొండముచ్చు బొమ్మల ఫ్లెక్సీలు కట్టడం మనకు తెలిసిందే. బొమ్మ కదలదని పసిగట్టాక కోతులు దాని పక్కనే కూర్చుని టమాటాలు తింటాయి. అప్పుడు మనిషే వేషం కట్టవలసి వస్తుంది. పాత కోక మెలిపెట్టి తోక చేసుకుని మిద్దె ఎక్కినవాడి వెనక నిజమైన కొండముచ్చు నిక్కి చూడడం, ‘మరలి’ అన్న మూడక్షరాల్లో ఇతని మెడ తిరగడం నా కళ్లకు కట్టాయి. ఆ తరువాత ‘తోక ముడిచె’కు రెండర్థాలూ పట్టాయి. వెనుదిరిగాడు, కోక తోకను చుట్టి చంకన పెట్టుకున్నాడు కూడా. సమస్య ఇచ్చినప్పుడు ఇలాంటి పూరణ ఒకటి రావాలనే కోరుకుంటాం.

‘ఎక్క, చూడ అని కర్తలు మారాయి కదా, దోషం కాదా?’ అని హైదరాబాదు సభ్యుడు అడిగారు. కాదు. కర్త ఒక్కడే కావాలన్న సమానకర్తృక నియమం క్త్వార్థకానికి. ‘ఎక్కన్’, ‘చూడన్’ క్త్వార్థకాలు కావు. ‘మరలి’, ‘చూచి’, ‘ముడిచె’ మూడింటికీ కర్త తోటమాలే. ‘మరలి’ కళ (ద్రుతాంతం కాని మాట) గనుక ‘తో’ కూడా మారలేదు.

మరి కొన్ని పూరణల్లో తోటమాలి అని పెంపుడు కుక్కకు పేరు పెట్టి తోక సమస్య దాటేశారు. తప్పు కాదు, కానీ ఆ కుక్క ఏమి చూసిందో ఎవరూ చెప్పలేదు. వాటిని పక్కన పెట్టాను.

వచ్చే పక్షానికి సమస్య, తేటగీతి పాదం:

చేదు లేని కాకర నాకుఁ జేదు దోఁచె

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. జ్వరం వచ్చి నోరు చేదెక్కిందన్న పూరణ అందరికీ మొదట తోచేదే. దాన్ని దాటి పాదు దగ్గరికి వెళ్లండి. ఎండకు నీళ్లు చాలక చేదెక్కిన దోసకాయ ఉంది, అడ్రసు తప్పి పక్కింటి పందిరి మీద కాసిన కాకర ఉంది. చేదుగా ఉన్న సొరకాయను మాత్రం పద్యంలోకి తీసుకోండి గానీ కూరలోకి వద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది.