నల్ల కారు మీద సాలెగూడు గీతలు: ముందు కాంపౌండా, వ్యాక్సా?

నల్లబండి:
అందరికీ నమస్కారం. నాది నల్ల కారు, కొని ఐదేళ్లు దాటింది. నీడలో కొత్తదానిలాగే ఉంటుంది గానీ ఎండలోకి తీస్తే చాలు, బానెట్ నిండా సన్నటి గీతలు గుండ్రంగా సాలెగూడు అల్లినట్టు కనిపిస్తున్నాయి. పైగా చేత్తో నిమిరితే గరుకుగా తగులుతోంది, ఎంత కడిగినా ఆ గరుకు పోవట్లేదు. బండిని పట్టించుకోకుండా వదిలేసిందేమీ లేదు, రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము తుడుస్తాను, వారానికోసారి నీళ్లతో కడుగుతాను. తెలిసినాయన ఒకరు రబ్బింగ్ కాంపౌండ్ రుద్ది పైన వ్యాక్స్ పెట్టు, నెలనెలా ఇలా చేస్తే గీతలుండవు అన్నారు. ఇంకొకాయన వ్యాక్స్ ఒక్కటి చాలన్నారు. కాంపౌండ్ డబ్బా అయితే తెచ్చాను గానీ మూత తీయాలంటే టెన్షన్‌గా ఉంది. మెషీన్ లేదు, చేత్తోనే చేయాలి. ఏది ముందు, ఏది తర్వాత? డ్రైవర్ వైపు డోర్ మీద గోరు పెడితే ఆగేంత గీత కూడా ఒకటుంది, అది పోతుందా?

మెరుపుపిచ్చి:
ఆ డబ్బా అలాగే ఉంచండి, ముందు పొడి గుడ్డ మానేయండి. మీ గీతలు వచ్చింది దానివల్లే. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, పొడిగా తుడిచిన ప్రతిసారీ గుడ్డ దాన్ని పెయింట్ మీద ఈడ్చుకుపోతుంది. అన్నట్టు ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుతురు పడే చోటికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి కంటికి గుండ్రంగా అనిపిస్తాయి. తెల్ల కారు మీదా ఉంటాయి, కనపడవంతే.

ఇక కాంపౌండ్ సంగతి. రేకు మీద ప్రైమర్, దానిపై రంగు, ఆపైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మామూలు ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోట్ ఇంచుమించు 35 నుంచి 50, అంటే తల వెంట్రుక మందం కూడా లేదు. కాంపౌండ్ గానీ పాలిష్ గానీ గీతను పూడ్చవు, గీత అడుగు కనపడేదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తాయి. కాంపౌండ్ గట్టిగా అరగదీస్తుంది, పాలిష్ మెల్లగా, తేడా అంతే. అరిగింది మళ్లీ రాదు. ఎండ నుంచి రంగును కాపాడేది కూడా ఆ పొరే, అది బాగా పలచబడితే కొన్నాళ్లకు రూఫ్ మీదా బానెట్ మీదా తెల్లగా పొరలు లేస్తుంది, అప్పుడిక పెయింట్ వేయించడం తప్ప దారి లేదు. అందుకే నెలనెలా కాంపౌండ్ అనే సలహా వినకండి. వ్యాక్స్ వేరే సరుకు, అది దేన్నీ తీయదు, పైన పలచటి పొర వేస్తుంది. దాన్ని నెలనెలా పెట్టినా నష్టం లేదు. అలాగని గీతలూ పోవు, కొద్దిరోజులు కాస్త మరుగున పడతాయంతే.

గోరు ఆగే గీతను పాలిష్‌తో తీయాలని చూడకండి. అది క్లియర్ కోట్ దాటి ఉండొచ్చు, దాని లోతుకు అరగదీస్తే చుట్టూ ఏమీ మిగలదు. రంగు కోడ్ డోర్ తెరిస్తే లోపలి స్టిక్కర్ మీదో ఇంజన్ దగ్గరి ప్లేటు మీదో ఉంటుంది, ఆ కోడ్ చెప్పి టచప్ పెయింట్ తెచ్చుకుని సన్నటి బ్రష్‌తో పూయండి.

నీడపట్టు:
గరుకు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. కడిగినా పోని గరుకు అంటే పెయింట్‌కు అతుక్కుపోయిన చెత్త: బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, తారు చుక్కలు, చెట్ల జిగురు, పక్కన ఎవరో స్ప్రే పెయింట్ వేస్తే ఎగిరొచ్చిన తుంపర. కారు కడిగాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని నిమరండి, వేళ్లకు తెలియనిది కూడా కవర్ మీంచి తెలిసిపోతుంది. దీనికి క్లే బార్ (ఆ చెత్తను అంటించుకుని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) వాడాలి. చిన్న ముక్క తీసి చదును చేసుకుని, పెయింట్ మీద జారుడుగా ఉండేందుకు లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి (షాంపూ కలిపిన నీళ్లయినా నడుస్తాయి), ఒత్తకుండా ఇటూ అటూ జరపడమే. మొదట్లో పట్టి పట్టి కదులుతుంది, శుభ్రమయ్యాక జారిపోతుంది. ముక్క మురికయితే మడిచి కొత్త వైపు తిప్పుకోండి. కింద పడితే మాత్రం ఆ ముక్కను ఎంత కడిగినా వాడొద్దు, ఇసుక అందులో ఇరుక్కుపోయి ఉంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, నల్ల రంగు మీద క్లే కూడా సన్నటి గీతలు వదులుతుంది, అందుకే దాని వెనకాలే పాలిష్ పెట్టుకుంటారు. ఇది కూడా నెలనెలా చేసే పని కాదు, గరుకు తగిలినప్పుడే.

రోజువారీ:
నన్నడిగితే పాలిష్ కూడా వద్దు. రోజూ తిరిగే బండి, ఎండలో నిలబెట్టే బండి, ఈరోజు గీతలు తీస్తే ఆర్నెల్లలో మళ్లీ వస్తాయి. కడగడం మార్చుకోండి, క్లే ఒకసారి, పైన వ్యాక్స్, అంతటితో వదిలేయండి. ఎండలో గీతలు చూసేది ఓనర్ ఒక్కడే.

మెరుపుపిచ్చి:
నల్ల కారు కొన్నవాళ్లకు ఆ మాట ఎక్కదు బ్రదర్ :) కానీ ఒక విషయంలో మీరన్నది కరెక్టే, కడిగే పద్ధతి మారకపోతే పాలిష్ చేయడం దండగ.

నల్లబండి:
థాంక్యూ అండి, చాలా విషయాలు తెలిశాయి. అయితే కడగడం ఎలా మార్చాలి? ఇప్పుడు ఒకే బకెట్, గిన్నెలు తోమే లిక్విడ్, పాత బనియన్ గుడ్డ. ఒక్కసారికి పాలిష్ చేద్దామనే ఉంది, చేత్తో అవుతుందా?

మెరుపుపిచ్చి:
బకెట్లు రెండు కావాలి. ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. ముందు పైపుతో దుమ్మంతా కొట్టేయాలి, గుడ్డ తగలకముందే ఎంత పోతే అంత మంచిది. తర్వాత మైక్రోఫైబర్ గ్లౌజును షాంపూలో ముంచి రూఫ్ నుంచి కిందికి రండి, ప్రతి ప్యానెల్‌కూ (డోర్, బానెట్ లాంటి ఒక్కో భాగానికీ) మామూలు నీళ్ల బకెట్‌లో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. డోర్ల కింది భాగం ఆఖర్న, చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెల లిక్విడ్ రోజూ వద్దు, వ్యాక్స్‌ను కడిగేస్తుంది. నీళ్లు వాటంతటవే ఆరనివ్వకండి, ఉప్పునీళ్లయితే తెల్ల మరకలు పడి గట్టిపడతాయి, మెత్తటి పెద్ద టవల్ పరిచి అద్దండి. మైక్రోఫైబర్ గుడ్డలు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ పోయొద్దు, నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.

పాలిష్ చేత్తో అవుతుంది, గీతలన్నీ పోవు గానీ బాగా తగ్గుతాయి, చేతులు మాత్రం పడిపోతాయి. కాంపౌండ్ కాదు, అన్నిటికన్నా మెత్తటి ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టండి. బానెట్ మీద ఒక మూల జానెడు జాగా తీసుకుని అక్కడ చేసి టార్చ్ వేసి చూడండి, అది చాలకపోతేనే కాస్త గట్టిది. ప్యానెల్ చల్లగా ఉండాలి, ఎండలో చేస్తే పాలిష్ ఎండిపోయి ఇంకా గీస్తుంది. అంచుల మీద, రేకు మడత పడినట్టు ఒంపు తిరిగిన చోట్ల పెయింట్ పలచగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వేసేయండి. తర్వాత ఎప్పుడైనా మెషీన్ కొనాలనుకుంటే డ్యూయల్ యాక్షన్‌దే (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) తీసుకోండి, ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ చేయి తిరిగినవాళ్లకే, ఒకేచోట ఆగిందంటే పెయింట్ కాలిపోతుంది.

నీడపట్టు:
వ్యాక్స్ దగ్గర అందరూ చేసేది ఎక్కువ పూయడం. ఎంత పలచగా పూస్తే అంత సుఖం, మందంగా పూసిందంతా తుడవడానికే పోతుంది. పాలిష్ జిడ్డు పూర్తిగా తుడిచాకే పెట్టండి. వేలితో ఒకసారి గీసి చూస్తే వ్యాక్స్ శుభ్రంగా లేచొచ్చిందా, అప్పుడు తుడిచేయొచ్చు. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, తెల్లగా పట్టేసి ఒకంతట పోదు. బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ నల్ల రంగు మీద చాలా అందంగా ఉంటుంది గానీ కొన్ని వారాలు, మహా అయితే రెండు నెలలు. వ్యాక్స్ బదులు పూసే కృత్రిమ పూత, సింథటిక్ సీలెంట్, అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. నేనైతే సీలెంటే వాడతాను, ఓపిక తక్కువ.

నల్లబండి:
ఆఖరి డౌట్. ముందు బంపర్‌కు పోయిన వారమే కొత్తగా పెయింట్ వేయించాను. దానికి కూడా వ్యాక్స్ పెట్టేయనా?

నీడపట్టు:
వద్దు. కొత్త పెయింట్‌లో సాల్వెంట్ (రంగును పలచన చేసే ద్రవం) ఇంకా ఆవిరై బయటికి పోతూ ఉంటుంది, మామూలుగా 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. ఎన్నాళ్లో పెయింట్ వేసినవాళ్లను అడగండి, ఏ పెయింట్ వాడారో వాళ్లకే తెలుసు. అప్పటిదాకా షాంపూతో మెల్లగా కడుక్కోవచ్చు, పిట్ట రెట్ట పడితే మాత్రం వెంటనే తడిపి నానబెట్టి తీసేయండి.