పాత డీజిల్ కారు కింద మరక, లోపల వాసన: పంపు దించాల్సిందేనా?

గోదారిగట్టు:
మాది 2010 మోడల్ 1.5 లీటర్ కామన్ రైల్ సెడాన్ (పంపు ఎక్కువ ఒత్తిడితో ఒకే గొట్టంలోకి డీజిల్ నింపితే, అక్కడి నుంచి అన్ని ఇంజెక్టర్లకీ వెళ్లే రకం). లాగుడులో ఏ లోటూ లేదు. కొన్నాళ్లుగా ఏసీ వేసి బయటి గాలి తెరిస్తే డీజిల్ వాసన గుప్పుమంటోంది. పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. ఒకసారి స్టార్ట్ అయితే మళ్లీ రాత్రి దాకా ఇబ్బంది ఉండదు. పార్కింగ్‌లో గేర్‌బాక్స్ కింద అరచేయంత మరక. మెకానిక్ కింద నుంచి టార్చి వేసి చూసి, "హై ప్రెషర్ పంపు సీలు పోయింది, దించి పంపు షాపుకి పంపాలి" అన్నాడు. పంపు అన్నాక టెన్షన్ పట్టుకుంది. ఇలాంటిది ఎవరైనా చేయించారా?

అంబాసిడర్_అల్లుడు:
ఆ మరక డీజిలేనా? రాత్రి కింద అట్ట పరిచి చూడండి. డీజిల్ అయితే పలచగా, వాసనతో పాకుతుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా, జిగటగా ఒకచోటే నిలుస్తుంది. గేర్ ఆయిల్ వాసన ఇంకోరకం, ముక్కు బద్దలవుతుంది.

గోదారిగట్టు:
డీజిలే అన్నా, అనుమానం లేదు.

స్పానర్_బాబాయ్:
పంపు షాపులోనే తల పండింది నాది, కాబట్టి పంపు దించేవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ కారేది ఒకచోట, రాలేది ఇంకోచోట. డీజిల్ పెట్రోల్‌లా ఆవిరైపోదు. పైన ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) దగ్గర కాస్త ఊరినా ఇంజిన్ హెడ్ మీదుగా, వైరింగ్ వెంట పాకి గేర్‌బాక్స్ మీద నుంచి నేలకి చేరుతుంది. దారిపొడవునా దుమ్ము పట్టి నల్ల మడ్డి కడుతుంది. కింద నుంచి చూస్తే అన్నీ తడిగానే ఉంటాయి, పంపుతో సహా.

ఇంజిన్ చల్లారాక పై కవరు తీసి, బ్రేక్ క్లీనర్ కొట్టి, బట్టతో తుడిచి బాగా ఆరనివ్వండి. ప్రెషర్ వాటర్ మాత్రం వద్దు, కనెక్టర్లలోకి నీళ్లు దిగితే ఇంకో తలనొప్పి. ఆరాక అనుమానమున్న జాయింట్ల మీద టాల్కం పౌడర్ పలచగా చల్లి, ఇంజిన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో వదలండి. తడి తగిలిన చోట పౌడర్ ముద్దవుతుంది. ముందుగా చూడాల్సింది ఇంజెక్టర్ల నెత్తిన ఉండే సన్నటి రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపేవి), వాటి టీ జాయింట్లు. తర్వాత ఫిల్టర్, దాని అడుగున నీళ్లు వదిలే స్క్రూ. పంపు చివర్న.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇంజెక్టర్లకి వెళ్లే ఇనుప పైపుల దగ్గర ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి పెట్టొద్దు. ఐడిల్‌లోనే రెండు మూడు వందల బార్ ఒత్తిడి ఉంటుంది, తొక్కితే 1400, 1600 దాకా పోతుంది. కంటికి ఆనని చిల్లులోంచి వచ్చే ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా నేరుగా ఆసుపత్రికి పోవాలి. అక్కడ లీకు చూడాలంటే దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టండి. పాత బండ్లలో ఎయిర్ తీయడానికి ఇంజిన్ తిరుగుతుండగానే నాజిల్ నట్లు వదులు చేసేవాళ్లం. ఆ అలవాటు కామన్ రైల్ మీద పనికిరాదు.

ఇంకో మాట. బానెట్ కింద నల్ల రబ్బరు చేతిపంపు ఉందా?

గోదారిగట్టు:
ఉంది బాబాయ్. ఫిల్టర్ మార్చినప్పుడు దాన్నే పిసుకుతారు.

స్పానర్_బాబాయ్:
అయితే ట్యాంకులో మోటారు ఉండదు, ముందున్న పంపే డీజిల్ పీల్చుకుంటుంది. పీల్చే వైపు పగులుంటే, ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఆపాక రాత్రంతా డీజిల్ ట్యాంకు వైపు జారుకుంటుంది. వాసనదొక జబ్బు, పొద్దుటి సెల్ఫ్‌దొక జబ్బు అయ్యుండొచ్చు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య అడుగు ముక్క పారదర్శకమైన ఫ్యూయల్ పైపు తాత్కాలికంగా వేయించి చూడండి, బుడగలు కనిపిస్తే దొరికిపోయినట్టే.

విశాఖ_డీజిల్:
ట్యాంకు ఫుల్ చేసినప్పుడే వాసన వస్తే వెనక సీటు కింద ఫ్లోట్ యూనిట్ (ట్యాంకులో డీజిల్ ఎంతుందో మీటరుకి చెప్పేది) రబ్బరు రింగు కూడా చూడండి. మా సముద్రపు గాలికి వెనక చక్రం దగ్గర ఇనుప పైపు క్లిప్పు కింద తుప్పు పట్టింది. పైకి పెయింట్ బాగానే ఉంది, గోటితో గీకితే పెచ్చు ఊడి తడి కనిపించింది.

టాక్సీ_రావు:
అందరూ పంపుని వెనకేసుకొస్తున్నారు గానీ, మా పాత రోటరీ పంపు (కామన్ రైల్‌కి ముందు తరం పంపు) బండికి నిజంగా పంపు పై కవరు సీలే పోయింది. బీఎస్-6 డీజిల్ వచ్చాకే మొదలైంది. కొత్త డీజిల్ పాత బండ్లని తినేస్తోంది.

స్పానర్_బాబాయ్:
రావుగారూ, అందులో సగం నిజముంది. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది. గంధకం తీసే క్రమంలో ఆరోమాటిక్స్ (డీజిల్‌లో ఉండే ఒక రకం హైడ్రోకార్బన్లు) కూడా తగ్గొచ్చు. పాత నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చి ఉబ్బి ఉంటుంది, అవి తగ్గితే కుంచించుకుపోతుంది. 1993లో అమెరికాలో తక్కువ గంధకం డీజిల్ వచ్చినప్పుడూ పంపు సీళ్లు ఇలాగే కారాయి. కానీ అప్పటికే బిరుసెక్కిన సీలు ఏ డీజిల్‌కైనా లొంగుతుంది. ఈసారి వైటాన్ (ఇంధనాన్ని బాగా తట్టుకునే రబ్బరు) సీళ్లు వేయించండి, ఆ గొడవ ఉండదు.

గోదారిగట్టు:
పౌడర్ పరీక్ష చేశాను. పంపు పొడిగా ఉంది! మూడో ఇంజెక్టర్ మీద రిటర్న్ పైపు చివర పౌడర్ బూడిద రంగు పేస్టులా అయింది. పైపు కాస్త వంచితే చివర్న సన్నటి పగుళ్లు నోరు తెరిచాయి. పారదర్శక పైపులో పొద్దున్నే బుడగలు కూడా వరసకట్టాయి. చేతిపంపుని దాటేసి నేరుగా కలిపి చూస్తే బుడగలు ఆగాయి.

స్పానర్_బాబాయ్:
చేతిపంపు కూడా మార్చేయండి, దాని మీద బాణం గుర్తు డీజిల్ పోయే వైపు ఉండాలి. రిటర్న్ పైపులు మొత్తం సెట్టు వేయండి, నాలుగూ ఒకే వయసువి. మీటర్ల లెక్కన కొంటే మీద ఎస్ఏఈ జే30 ఆర్9 (ఫ్యూయల్ పైపులకి ఉండే ప్రమాణం) అని ముద్ర చూసుకోండి. నీళ్ల పైపు, అక్వేరియం పైపు వేస్తే త్వరలోనే గట్టిపడి ఊడొస్తాయి. పళ్లున్న వెడల్పు క్లిప్పు బిగిస్తే రబ్బరుని కోస్తుంది, అంచు మడిచిన ఫ్యూయల్ క్లిప్పు అడగండి. బాంజో బోల్టు (మధ్యలో డీజిల్ పోయే చిల్లున్న బోల్టు) విప్పితే రాగి వాషర్లు కొత్తవి వేయాలి. ఎం-సీల్, టెఫ్లాన్ టేపు జోలికి పోవద్దు. టేపు తునక ఇంజెక్టర్‌లో ఇరుక్కుంటే అప్పుడు నిజంగానే వేలల్లో ఖర్చు.

అంబాసిడర్_అల్లుడు:
బాబాయ్, ఇంజెక్టర్ కింద చఫ్ చఫ్ మని శబ్దం, చుట్టూ తారులాంటి నలుపు ఉంటే?

స్పానర్_బాబాయ్:
అది డీజిల్ లీకు కాదు. ఇంజెక్టర్ సీటు వాషర్ నుంచి కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కిన గాలి) బయటికి పోతోంది. ఆలస్యం చేస్తే బొగ్గు గడ్డకట్టి ఇంజెక్టర్ ఊడదు.

గోదారిగట్టు:
రిటర్న్ సెట్టు, చేతిపంపు, ఫిల్టర్ ఓరింగు మార్పించాం. చేతిపంపు గట్టిపడేదాకా పిసికి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. పొద్దుటి ఇబ్బంది పోయింది. వాసన ఇంకా లీలగా ఉంది.

స్పానర్_బాబాయ్:
బానెట్ లోపలి స్పాంజి పీల్చుకున్న డీజిల్ అది, కొన్నాళ్లుంటుంది. ఈలోపు టైమింగ్ బెల్టు, కూలెంట్ పైపులు ఒకసారి తడిమి చూడండి. డీజిల్ నానిన రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. బెల్టు కవరు లోపల తడి కనిపిస్తే గడువు దాకా ఆగకుండా మార్చేయండి.