పెట్రోల్ జోంగాకి ఫ్యూయల్ లైన్: రాగి వెయ్యాలా, స్టీలా?

గాజువాక జోంగా: నా పాత మిలిటరీ జీపు జోంగాకి ట్యాంకు నుంచి పంపు దాకా పైపు మొత్తం మార్చాలి. ఛాసిస్ క్లిప్పుల కింద పొరలు పొరలుగా ఊడిపోతోంది. రాగి వెయ్యనా, స్టీలా? హోసు ఏ రకం? ట్యాంకు దించకుండా పని అవుతుందా?

భీమిలి రోడ్డు: ఉప్పుగాలికి పైపు కుళ్లేది క్లిప్పు కిందే, అక్కడ తడి ఆరదు. పాత ఇనప క్లిప్పులు పారేసి, రబ్బరు తొడుగున్న పి-క్లిప్పులు అడుగుకొకటి వెయ్యండి.

కంచరపాలెం షెడ్డు: రాగే వెయ్యి బాబూ. చేత్తో వంగుతాది, తుప్పు పట్టదు. ముప్పై ఏళ్లుగా ఈ బళ్ల పైపులే వంచుతున్నాను.

డబుల్ ఫ్లేర్: దయచేసి ఆ మాట చెప్పకండి. అదురుకి రాగి గట్టిపడి, పైపు కొసని విప్పార్చిన ఫ్లేరు మెడ దగ్గర వెంట్రుకంత చీలుతుంది. పైగా రాగి తగిలితే పెట్రోలు తొందరగా జిగురవుతుంది, నెలకోసారి తీసే బండికి కార్బురేటర్ జెట్లు మూసుకుపోతాయి. 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్ ఉన్న కునిఫర్ వెయ్యండి.

కంచరపాలెం షెడ్డు: అది బ్రేకు పైపు! రేటెంతో తెలుసా? రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడతాది.

డబుల్ ఫ్లేర్: ఎన్నాళ్లు? బండి తిరిగేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది. ఏటా పైపు విప్పి కాలుస్తారా? పెట్రోలు తడి ఉన్న పైపు దగ్గర మంటేంటండీ!

సీతమ్మధార: హోసు సంగతి ఎవరూ ఎత్తరేం? ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు లోపలి పొర ఉబ్బి, నల్ల ముక్కలై ఫిల్టరుకి చేరుతుంది. ఫిల్టరు మార్చినా వారంలో మళ్లీ నలుపే. హోసు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అన్న ప్రమాణం అచ్చు చూసి కొనండి. పైపు బయట 8 మి.మీ. ఉంటే హోసు లోపల 8 మి.మీ. ఉండాలి, అంగుళం లోపలికి ఎక్కాలి. అద్దంలా కనపడే ప్లాస్టిక్ గొట్టం వద్దేవద్దు, బిరుసెక్కి జారిపోతుంది. పంపులో ఆడే పల్చటి రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, కూడా పాతదే కదా, అదీ మార్చండి.

అనంతగిరి ఘాట్: పంపు ముందు లీకైతే ఇంజిన్ తిరిగేటప్పుడు పెట్రోలు కారదు, గాలి పీలుస్తుంది. ఎక్కుడులో బండి చచ్చిపోయేది అందుకే.

కంచరపాలెం షెడ్డు: అది వేపర్ లాకు, వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై అడ్డుపడటం.

అనంతగిరి ఘాట్: వేపర్ లాకైతే ఇంజిన్ చల్లారాక పోవాలి. గాలి లీకు పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కీ సతాయిస్తుంది. ఎగ్జాస్టుకి దూరంగా ఒక డబ్బాలో పెట్రోలు పెట్టి, పొట్టి హోసుతో సూటిగా పంపుకి ఇవ్వండి. బాగా నడిస్తే తప్పు ట్యాంకుకీ పంపుకీ మధ్యే.

గాజువాక జోంగా: ట్యాంకు దించాలా వద్దా, ఎవరైనా చెప్పండి!

భీమిలి రోడ్డు: దించాలి. ముందు బ్యాటరీ ఎర్త్ విప్పి, పెట్రోలు మూతున్న డబ్బాలోకి తీసెయ్యండి. లోపల పెట్రోలు పీల్చే పికప్ జాలీలో తుప్పుపొడి ఉంటే కొత్త పైపూ మూసుకుపోతుంది. పైపులోకి కంప్రెసర్ గాలి కొట్టేముందు పంపు దగ్గర హోసు ఊడదీయండి, లేకపోతే డయాఫ్రమ్ చిరుగుతుంది. ట్యాంకుకి చిల్లుంటే వెల్డింగ్ మాత్రం పెట్టించొద్దు, ఖాళీ ట్యాంకులోనే ఆవిరి ఎక్కువ.